జెన్‌లో పేజీ అనుమతులు: ఒక అడ్డదారి కథ

మెమరీలోని ఒక పేజీలో రాయొచ్చో లేదో తేల్చేది పేజీ టేబుల్‌లోని ఒక్క బిట్. 1985 నాటి ఇంటెల్ 80386లోనే అది ఉంది. దాన్ని మార్చే అధికారం కెర్నల్‌ది. మరి ఒకే యంత్రంపై నాలుగు కెర్నళ్లు నడిస్తే ఆ అధికారం ఎవరిది?

దీనికి వీఎంవేర్ చూపిన దారి నకళ్లు. గెస్ట్ (అలా నడిచే ఒక్కో కెర్నల్) తన పట్టిక తాను రాసుకుంటుంది, ప్రాసెసర్ మాత్రం హైపర్‌వైజర్ (వాటన్నిటినీ నడిపే పొర) తయారుచేసిన నకలునే చూస్తుంది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ అనే హైపర్‌వైజర్ నకళ్ల ఖర్చు వద్దనుకుంది. ప్రాసెసర్ గెస్ట్ పట్టికనే వాడుతుంది. కాకపోతే ఆ పట్టికను గెస్ట్ చదవగలదే తప్ప రాయలేదు. ఏ గడి మార్చాలన్నా హైపర్‌వైజర్‌ను అడగాలి. ఒక పేజీ ఒకే సమయంలో పేజీ టేబుల్‌గానూ, గెస్ట్ రాయగల పేజీగానూ ఉండకూడదు. ఈ పద్ధతి భద్రతకు ఈ నియమమే పునాది.

ప్రతి మార్పునూ మొదటినుంచీ తనిఖీ చేస్తే వేగం పోతుంది. అందుకే కోడ్‌లో ఒక అడ్డదారి పెట్టారు: ఉన్న గడిలో చిన్నాచితకా బిట్లు మాత్రమే మారితే, పూర్తి తనిఖీ లేకుండా రాసేయడం. పేజీని వాడినట్టు గుర్తుపెట్టే బిట్ మారితే నిజంగానే ప్రమాదం లేదు. చిక్కంతా ఏది చిన్న బిట్ అన్నదానిలో ఉంది.

2015 అక్టోబరులో బయటపడ్డ లోపం (జెన్ భద్రతా ప్రకటన ఎక్స్‌ఎస్ఏ-148) అంచెలంచెలుగా ఉండే పేజీ టేబుళ్లలో రెండో అంచెది. పెద్ద పేజీని సూచించే బిట్‌ను గెస్ట్ పెట్టుకుంటే, తనిఖీ తప్పించుకుని పేజీ టేబుళ్లలోనే రాసుకునే వీలు దొరికేది. 3.4 వెర్షన్ నుంచీ అది అలాగే ఉంది. దాన్ని సరిచేశారు. అడ్డదారి మాత్రం మిగిలింది. తొమ్మిది నెలలకే, 2016 జులైలో, ఎక్స్‌ఎస్ఏ-182 వచ్చింది. పై అంచెల్లో రాత బిట్టే చిన్న బిట్లలో కలిసిపోయింది! చదవడానికి మాత్రమే ఉన్న గడిలో ఆ బిట్ వేస్తే చాలు, కంచే చేను మేసేది.

ఈసారి మరమ్మతు తీరు మారింది. అంతకుముందు కోడ్ ప్రమాదకరమైన బిట్లను పేర్కొని, అవి మారకపోతే వదిలేసేది. ఇప్పుడు నిరపాయమైన బిట్ల జాబితా ఒకటి రాసి, అందులో లేనిదేది మారినా పూర్తి తనిఖీకి పంపారు. మొదటి పద్ధతిలో సమీక్షకుడు లేని పేరును పట్టుకోవాలి, రెండో పద్ధతిలో ఉన్న పేర్లు సరిచూస్తే సరిపోతుంది.

అసలు ఈ తనిఖీలే అక్కర్లేని దారీ ఒకటుంది. 2008లో ఇంటెల్ నెహలెమ్ ప్రాసెసర్లు గెస్ట్ పట్టికపైన హైపర్‌వైజర్ పెట్టే మరో పట్టికను హార్డ్‌వేర్‌లోకే తెచ్చాయి. గెస్ట్ తన పట్టికలో ఏం రాసుకున్నా, హైపర్‌వైజర్ పట్టిక ఒప్పుకోనిది చెల్లదు. పూర్తి హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌పై నడిచే గెస్ట్‌లకు 2016 నాటి లోపం వర్తించలేదు.