నాలుగు ఫిరంగులు ఎక్కిన కొండ

ముద్దనూరులో పొద్దున్నే బయల్దేరాలి. పదయ్యిందంటే గండికోట బండల మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. క్యారియర్‌లో చిత్రాన్నం, పెరుగన్నం, చెనిక్కాయల ఊరిబిండి. ముందు సీట్లో జేజి, వెనక పిల్లోడూ పాపా, వాళ్లమ్మ. జమ్మలమడుగు దాకా రోడ్డు పక్కన నాపరాళ్ల దిబ్బలే. అక్కడి నుంచి ఇంకో 15 కిలోమీటర్లు. దారి పైకెక్కేకొద్దీ రాయి రంగు మారుతుంది. బూడిద రంగు పోయి ఎరుపు వస్తుంది. ఎర్రమల కొండలు.

కోట గుమ్మం ముందు కారు ఆపించాను.

"ఇంకా రాలేదు గదా, లోయ యాడుంది?" అని పాప. ఫోన్లో చూసిందంతా లోయే. భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పేరు పెట్టినప్పటి నుంచి జనం గుమ్మం దాటి, ఊరు దాటి నేరుగా అంచుకు ఉరుకుతున్నారు. ఫొటో దిగి వెనక్కి తిరుగుతున్నారు. నాకిది నచ్చదు. ఇక్కడ లోయ ఉన్నది చూడ్డానికి కాదు, శత్రువును ఆపడానికి.

దిగండి. తల పైకెత్తి చూడండి. చెక్కిన రాళ్లు ఒకదాని మీదొకటి, బురుజు వెనక బురుజు. లోపలికి దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది.

"నాయనా, గుమ్మం ఇట్ల వంకరగా ఎందుకు కట్టినారు?" అన్నాడు పిల్లోడు.

"ఏనుగు ఉరుక్కుంటా వచ్చి తలుపు గుద్దకుండా రా అబ్బీ. మలుపు తిరగాలంటే ఊపు పోతాది గదా."

ఈ గుమ్మం ముందు జరిగింది రాసిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు వజ్రాల వ్యాపారి తావెర్నియే. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు నగలు అమ్ముకోవడానికి ఇక్కడికొచ్చాడు. అంతకు ముందే గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తరఫున మీర్ జుమ్లా ఈ కోటను పట్టాడు. మూడు వైపులా అగాధం, మైదానం వైపు ఒకటే గుమ్మం, దానికి మూడు వరసల రాతి గోడలు, కందకాలు. కాపలా కాయాల్సింది నాలుగైదు వందల అంగల మేర మాత్రమే అంటాడు తావెర్నియే. మరి లోపలివాళ్ల దగ్గర ఫిరంగులెన్ని? రెండు. ఒకటి గుమ్మం మీద, ఇంకొకటి ఒక బురుజు మీద.

ఇప్పుడు వెనక్కి తిరిగి, వచ్చిన దారి చూడండి. మనం కారులో ఎక్కినాం. ఆ రోజు ఈ ఎత్తుకి ఫిరంగి ఎక్కించడం ఎవరి తరమూ కాదనుకున్నారు. మీర్ జుమ్లా కొలువులో ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి, ఇటలీ గోలందాజులు ఉన్నారు. నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. నాలుగు ఫిరంగులు కొండెక్కినాయి. గుమ్మం మీదున్న ఫిరంగిని పనికిరాకుండా కొట్టాయి. గుమ్మం సగం కూలేసరికి లోపలివాళ్లు సంధికొచ్చారు.

జేజికి ఈ కథ నచ్చలేదు. "అట్ల కాదు. కోటనేలిన తిమ్మానాయుడికి సొంత మనిషే విషం పెట్టినాడంట. మా నాయన చెప్పేటోడు."

ఈ సీమలో చాలా ఇళ్లల్లో చెప్పేది ఆమె కథే. పెమ్మసానివారు తరతరాలు ఏలిన కోట. అది ఫిరంగికి లొంగిందంటే మనసొప్పదు, ద్రోహానికి లొంగిందంటే ఒప్పుతుంది. నేను పిల్లలకు రెండూ చెప్పాను. నా మొగ్గు గుమ్మం మీది ఒంటరి ఫిరంగి వైపే.

లోపల ఇప్పటికీ ఊరుంది. కోళ్లు, గడ్డివాములు, గుమ్మాల్లో కూర్చున్న ముసలోళ్లు. చిన్న చార్మినారు, జైలు, పావురాల గోపురం నడుస్తూనే చూసేయొచ్చు. రెండు మినార్ల జామా మసీదు పక్కన ధాన్యాగారం దగ్గర మాత్రం ఆగాలి. లోపలికి అడుగు పెట్టగానే చల్లదనం తగులుతుంది. పిల్లోడు కూత పెట్టాడు. కమాను కప్పు కింద అది తిరిగి వాడి మీదికే వచ్చింది. కొండ మీది చదునులో ఊటల నీళ్లతో వరి, కొర్రల్లాంటి చిరుధాన్యాలు పండించేవాళ్లని తావెర్నియే రాశాడు. చెరువుంది, పంటుంది, గాదె ఉంది. ఆకలితో కోటను లొంగదీయడం కుదరదని అర్థమైతే, ఆ నాలుగు ఫిరంగుల విలువ తెలుస్తుంది.

మాధవరాయస్వామి గుడి గోపురం ఎండలో మెరుస్తోంది. శిల్పాలు తీరుగా ఉన్నాయి, కానీ నాకు ఇక్కడ గుర్తొచ్చేది క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడు. గుళ్లల్లోని రాగి విగ్రహాలు కరిగించి ఇరవై ఫిరంగులు పోయమని మీర్ జుమ్లా అతనికి పని అప్పజెప్పాడు. గండికోట గుడి విగ్రహాలు ఆరు ఎంతకీ కరగలేదట. చివరికి ఒక్క ఫిరంగీ సరిగ్గా రాలేదు. జేజి రెండు చేతులూ జోడించింది. ఈ కథ మాత్రం ఆమెకు నచ్చింది.

పిల్లలకు నచ్చింది ఇంకోటి. తావెర్నియే చూసిన రోజు మీర్ జుమ్లా డేరాలో కూర్చుని కాలివేళ్ల సందుల్లో, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు ఇరికించుకుని ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పిస్తున్నాడట. పాప వెంటనే బండ మీద కూర్చుని కాలివేళ్ల మధ్య బిస్కెట్ కాగితం పెట్టుకుంది.

రంగనాథస్వామి గుడి దాటాక, అదిగో లోయ. ఎర్రటి రాళ్లు పేర్చి పెట్టినట్టు పొరలు పొరలుగా దిగిపోతాయి. అడుగున పెన్న పచ్చగా కదలకుండా ఉంది. గాలి చెవుల్లో హోరుమంటోంది. అంచున పట్టుకోవడానికి ఏమీ లేదు. పిల్లల చెయ్యి వదలొద్దు.

"ఈ పక్క గోడ ఎందుకు కట్టలేదో నాకు తెలిసింది" అన్నాడు పిల్లోడు కిందికి చూస్తూ.

మీర్ జుమ్లా తర్వాత కోట చాలా చేతులు మారింది. కడప నవాబులు, హైదరాలీ, టిప్పు. 1791లో ఇంగ్లీషువాళ్ల కెప్టెన్ లిటిల్ దీన్ని టిప్పు మనుషుల నుంచి తీసుకున్నాడు. 1800లో నిజాం తన చేతికొచ్చిన ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక ఇక్కడ పోరాడే పని లేకుండా పోయింది.

మీరూ పిల్లల్ని తీసుకెళ్తే నీళ్లు ఎక్కువగా పెట్టుకోండి, టోపీలు మరవొద్దు. గుమ్మం దగ్గర అరగంట ఆగి ఆ నాలుగు ఫిరంగుల సంగతి చెప్పండి. లోయ ఆ తర్వాత చూపించండి.