మీటలపై వ్రేళ్ళ జాడ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో ఒకప్పుడు పరీక్షలు ముగియగానే విద్యార్థులు టైపు ఇన్‌స్టిట్యూటులో చేరెడివారు. ఒకే పాఠమును ఒకే యంత్రముపై కొట్టినను ఇద్దరి చప్పుడు ఒక్క తీరుగ నుండదు. ఒకరు వడిగా కొట్టి ఆగుదురు. వేరొకరు నింపాదిగా, ఎడతెగక సాగుదురు. ఈ భేదమును బట్టి మనిషిని గుర్తింపవచ్చునా?

ఈ ప్రశ్న కంప్యూటరు కంటె పాతది. మోర్సు సంకేతములను పంపు తంతి ఉద్యోగిని, అవతలి ఊరివారు అతని మీట నొక్కు తీరును బట్టియే పోల్చుకొనెడివారు. ఆ తీరునకు వారు పెట్టిన పేరు 'ఫిస్టు', అనగా పిడికిలి. అమెరికాలో బ్రయన్, హార్టర్ అనువారు తంతి ఉద్యోగుల అభ్యాసమును శాస్త్రీయముగ పరిశీలించి 1897లో ప్రకటించిరి. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషువారు, సందేశముల అర్థము తెలియకున్నను, జర్మను ఆపరేటర్లను ఈ పిడికిలిని బట్టి గుర్తించి, సేనల కదలికలను ఊహించిరి.

1980లో అమెరికాలోని ర్యాండ్ సంస్థ ఈ సూత్రమును టైపునకు అన్వయించి చూచెను. ఏడుగురు టైపిస్టులతో ప్రయోగము మొదలిడి, నాలుగు నెలల పిమ్మట మరల టైపు చేయించి పోల్చిరి. రెండేసి అక్షరముల నడుమ పట్టు కాలమే వారికి కొలత. నేటి కంప్యూటరు మీట నొక్కియుంచిన కాలమును, మీటకు మీటకు నడుమ విరామమును సెకనులో వెయ్యవ వంతుల లెక్కన కొలిచి, పూర్వపు నమూనాతో సరిచూచును.

మన దేశమున తంతి సేవ ముగిసిన 2013లోనే, కోర్సెరా అను అంతర్జాల విద్యాసంస్థ విద్యార్థిని గుర్తించుటకు ఫొటోతో పాటు టైపు తీరును వాడసాగెను.

అయితే ఇచట రెండు పొరపాట్లకు తావు కలదు: అసలువానిని కాదనుట, పరాయివానిని అవుననుట. కొలత బిగించిన మొదటిది పెరుగును. సడలించిన రెండవది పెరుగును. తెలుగు టైపులో చిక్కు మరింత హెచ్చు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో 'క్ష'ను క, పొల్లు, ష అను వరుసలో కొట్టవచ్చును. ఇంగ్లీషులో తీసిన నమూనా దీనికి సరిపోదు. వ్రేలికి కట్టు కట్టుకొనిన విద్యార్థి తీరు సైతము మారును.

కావున మిర్యాలగూడ విద్యార్థి ఒకడు ఇంటి నుండి పరీక్ష వ్రాయునపుడు యంత్రము 'వీడు వాడు కాడు' అన్నచో, అంతమాత్రమున దోషిగా నెంచరాదు. వ్రేళ్ళ జాడ ఒక సాక్ష్యము మాత్రమే, తీర్పు కాదు. ఇతర సాక్ష్యములను విచారించి తీర్పు చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే.