లివర్ చుట్టూ దొడ్డిదారులు

ఫైర్‌వాల్ మొరాయించిందనుకోండి. పని ఆగకూడదని దాన్ని తప్పించి ఇంకో రూటు వేస్తాం. ట్రాఫిక్ నడుస్తుంది, వడపోత పోతుంది. మన పొట్టలోనూ సరిగ్గా ఇదే గొడవ.

పేగుల నుంచీ, ప్లీహం నుంచీ వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా (వెబ్ పోర్టల్ కాదు లెండి) లివర్‌లోకి వెళ్ళి, శుద్ధి అయ్యి గుండెకు చేరుతుంది. మందు వల్లో (గ్లాసులో పోసుకునేదే), హెపటైటిస్ వల్లో లివర్ గట్టిపడితే లోపల దారి ఇరుకై, వెనక ప్రెషర్ పెరుగుతుంది. రక్తం ఊరుకుంటుందా? సన్నగా పడి ఉన్న పక్క నాళాల్ని ఉబ్బించుకుని అన్నవాహిక చుట్టూ, జీర్ణాశయం పక్కనా దొడ్డిదారులు వేసుకుంటుంది. అంత ప్రెషర్‌కి తట్టుకునే నాళాలు కావవి. పగిలితే రక్తపు వాంతులు, ప్రాణం మీదికొస్తుంది.

1877లో రష్యన్ సర్జన్ నికొలాయ్ ఎక్ కుక్కల్లో పోర్టల్ సిరని నేరుగా గుండెకెళ్ళే పెద్ద సిరకి కలిపేసాడు. ఎనిమిదింటిలో బతికి బయటపడింది ఒక్కటే, అదీ పారిపోయింది! కానీ నా దృష్టిలో అసలు తేదీ 1893. ఆ ఏడాది పావ్లోవ్ బృందం (అవును, చొంగ కార్చే కుక్కల పావ్లోవే) ఇలాంటి కుక్కలకి మాంసం పెడితే తూలిపోయి, కోమాలోకి జారుకుంటున్నాయని చూపించింది. లివర్ ఆపాల్సిన విషాలు మెదడుకెక్కాయన్నమాట.

1945లో న్యూయార్క్‌లో విపుల్ బృందం ఆ ఆపరేషన్‌ని మనుషులకి మళ్ళీ తెచ్చింది. రక్తస్రావం తగ్గింది, కానీ చాలామందికి పావ్లోవ్ కుక్కల అవస్థే!

కోత లేని దారి అనుకోకుండా దొరికింది. మెడ సిరలోంచి గొట్టం దించి పిత్తనాళాలకి ఎక్స్‌రే తీయబోతుంటే, సూది పొరపాటున పోర్టల్ సిరలోకి దూరింది. దాన్ని చూసి జోసెఫ్ రోష్, లివర్ లోపలే దారి తొలవచ్చని 1969లో జంతువుల్లో చేసి చూపించాడు. 1982లో టొరంటోలో కోలపింటో రోగుల్లో బెలూన్‌తో దారి వెడల్పు చేసాడు గానీ అది నిలవలేదు. 1988 జనవరిలో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో లోహపు స్టెంట్ పెట్టాక నిలిచింది. దాని పేరే టిప్స్.

కోత తప్పింది, పావ్లోవ్ తప్పలేదు. స్టెంట్ వెడల్పైతే మతి తప్పే ప్రమాదం, ఇరుకైతే ప్రెషర్ దిగదు.

జపాన్‌లో కనగావా బృందం 1996లో దీన్ని తిరగేసింది. జీర్ణాశయం దగ్గర్నుంచి ఎడమ కిడ్నీ సిరకి శరీరమే వేసుకున్న దొడ్డిదారిని బెలూన్‌తో మూసి, ఉబ్బిన నాళాల్ని మందుతో పూడ్చేసింది. రక్తం మళ్ళీ లివర్‌కి మళ్ళుతుంది. దాంతోపాటే ప్రెషర్ పెరిగి, అన్నవాహికలో నాళాలు మళ్ళీ ఉబ్బచ్చు.