విరిగిన నడుమూ, మూడు దారులూ

నడుము దగ్గర వెన్నుపూస విరిగి కాళ్ళు పడిపోయిన మనిషికి ఆపరేషన్ అంటే, ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా ఎక్కువగా లామినెక్టమీయే. పూస వెనక భాగం తీసేసి, లోపల నలుగుతున్న నరాలకు చోటివ్వడం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ముందువైపు ఎముక అప్పటికే చితికిపోయి ఉంటే, వెనకున్న ఆసరా కూడా చేజేతులా తీసేసినట్టే. పై పూస ఇంకాస్త జారేది, గూని మిగిలేది.

1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో వెన్నుగాయాల విభాగం మొదలెట్టిన లుడ్విగ్ గుట్‌మన్ ఇలాంటి ఆపరేషన్లకు గట్టి వ్యతిరేకి. నాజీ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన యూదుడు, స్వయానా న్యూరోసర్జన్. దిండ్లు సర్ది, రెండేసి గంటలకోసారి రోగిని పక్కకి తిప్పించి, వారాల తరబడి పడకలోనే ఎముక అతుక్కునేలా చూశాడు. అంతకుముందు ఇలాంటివాళ్ళని ఎక్కువగా చంపింది పడక పుళ్ళూ, మూత్రంలో ఇన్‌ఫెక్షనూను. అందరూ ఆయన్ని పారాలింపిక్స్‌తో గుర్తుపెట్టుకుంటారు గానీ, నా లెక్కలో ఆ దిండ్లే పెద్ద సంగతి.

షెఫీల్డ్‌లో ఫ్రాంక్ హోల్డ్స్‌వర్త్ బొగ్గుగని కార్మికులకి వైద్యం చేసేవాడు. వంగి పనిచేస్తున్న మనిషి వీపు మీద గని కప్పు కూలితే నడుము వంగడమే కాదు, మెలి కూడా తిరగొచ్చు. అప్పుడు వెనకున్న లిగమెంట్లు తెగుతాయి. అవి నిలిచాయా, తెగాయా అన్నదాన్నిబట్టే వైద్యం ఉండాలని 1963 నాటి వ్యాసంలో వాదించాడు. నిలిస్తే విశ్రాంతి చాలు. తెగి పూసలు జారితే, వాటిని సరిచేసి, వీపు తడిమితే వేలికి తగిలే ముళ్ళకి లోహపు ప్లేట్లు బిగించాలి. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టేమో, ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే చోటిదే. నరాల సమస్య కాస్తా బరువు మోసే స్తంభం సమస్య అయింది.

ఆ ముళ్ళు సన్నటివి, పట్టు చాలదు. పోలియోతో వెన్ను వంకరపోయిన పిల్లల కోసం హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ చేయించిన కడ్డీలని తర్వాత విరిగిన నడుములకీ వాడారు. వాటితో దెబ్బ తగలని పూసలు కూడా బిగుసుకుపోయేవి. పారిస్‌లో రేమండ్ రాయ్-కామిల్ 1963లోనే స్క్రూని పెడికిల్ గుండా దించాడు. పూస వెనక భాగాన్ని ముందున్న దిమ్మెతో కలిపే పొట్టి వంతెన అది. గురి తప్పితే పక్కనే నరం. కుదిరితే పూస మొత్తం చేతికి చిక్కినట్టే.

పూర్తిగా నలిగిపోయిన వెన్నుపామును ఏ స్క్రూ కూడా అతకలేదు. గుట్‌మన్ పక్షం వాళ్ళు ఆ మాట గుర్తుచేస్తూనే వచ్చారు. వారాల మంచం తప్పి కొద్దిరోజుల్లోనే లేచి కూర్చోగలగడం మాత్రం ఆ స్క్రూలు ఇచ్చాయి.