తల్లి పేరు లేని లెక్కలు

కృష్ణ కుడిగట్టున కొల్లూరు, తెనాలి, రేపల్లె, భట్టిప్రోలు ప్రాంతాల పశువుల చరిత్ర రాయాలంటే 1855 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడు బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాక బీళ్లు వరి మళ్లుగా మారాయి, మేత లంకలకూ వరిగడ్డి వాములకూ పరిమితమైంది. మందలు పెంచేందుకు జాగా లేని చోట దుక్కికి ఎడ్లు మాత్రం మునుపటికంటే ఎక్కువ కావలసి వచ్చాయి. గుండ్లకమ్మ, ముసి నదుల మధ్య మెట్ట రైతు పుట్టించి సాకిన ఒంగోలు కోడెల్ని డెల్టా రైతు సంతలో కొనుక్కున్నాడు. ఇది చిన్న మార్పు కాదు. పుట్టించే చేయి ఒకటి, దున్నించే చేయి మరొకటి అయ్యాయి. సంతలో నిలబెట్టిన కోడె తల్లి ఎన్ని పాలిచ్చిందో, తండ్రి ఏ ఊరి ఆంబోతో కొనేవాడికి తెలిసే దారి లేదు. కంటికి కనపడేదే అతని ఆధారం: పళ్లు, గిట్టలు, మూపురం, తోలు మెత్తన, సుడులు, నడక. డెల్టా రైతు కన్ను అంత నిశితంగా తయారవడానికి కారణం ఈ లోటే అని నేననుకుంటాను.

మెట్టలో సంగతి వేరు. ఒక ఇంటి పెద్ద కాలం చేసినప్పుడు అచ్చువేసి వదిలే ఆంబోతును అక్కడ ఆషామాషీగా ఎంచుకునేవారు కాదు. ఊరి పెద్దలు పరీక్షించి సరేనంటేనే అది ఊరుమ్మడి ఆంబోతు అయ్యేది. ఆ కోడె ఏ ఇంటి ఆవుకు పుట్టిందో, ఆ ఆవు ఏటేటా చూలు నిలుపుతుందో లేదో ఇరుగుపొరుగుకు తెలిసిన సంగతే. రాతలో లేకపోయినా అది పనితీరుకూ వంశానికీ ముడి వేసిన సమాచారమే. 1940లో మద్రాసు ప్రభుత్వం పశు అభివృద్ధి చట్టం చేసి, పనికిరాని మగ పశువుల్ని విత్తులు కొట్టించే అధికారం తీసుకుంది. నాసిరకం ఏదో తేల్చడానికి అధికారికీ కళ్లే ఆధారం. ఊరి జ్ఞాపకం తెర వెనక్కి పోయింది, దాని స్థానంలో ప్రతి ఇంటా నిలిచే పుస్తకం మాత్రం రాలేదు.

కొలత మనవాళ్లకు చేతకాలేదని అంటే అది అబద్ధం. గుంటూరు, ప్రకాశం, కృష్ణా సీమల్లో తిరునాళ్లకూ సంక్రాంతికీ జరిగే బండలాగుడు పందెం చూడండి. ఎడ్లను పళ్ల లెక్కన రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, జూనియర్లు, సీనియర్లు అని విడదీస్తారు. వయసును బట్టి బండ బరువు మారుతుంది. గడియారం పట్టుకుని నిర్ణీత నిమిషాల్లో జత ఎంత దూరం లాగిందో అడుగులూ అంగుళాలతో చెబుతారు. ఒకే బరువు, ఒకే నేల, ఒకే సమయం: పోల్చదగిన పరీక్షకు ఇంతకంటే ఏం కావాలి? ఫలితం చదివేటప్పుడు మైకులో యజమాని పేరు, ఊరి పేరు, దూరం వినపడతాయి. ఆ ఎడ్లను కన్న ఆవుల ఊసుండదు. పోటీలో నెగ్గింది విత్తు కొట్టిన ఎద్దయితే దాని బలం దానితోనే ఆఖరు. దాని తోడబుట్టిన పెయ్య ఎక్కడుందో తెలిస్తేనే ఆ దూరం రాబోయే తరానికి పనికొస్తుంది.

ఇదే జాతికి రాత తోడైతే ఏమవుతుందో బ్రెజిల్ చూపింది. అక్కడ ‘నెలోర్’ అంటే మన ఒంగోలే. 1938లో వంశావళి పుస్తకం తెరిచారు, 1960ల తొలినాళ్లలో ఒంగోలు దగ్గరి కరవది పేరున్న ఆంబోతును తీసుకుపోయారు, ఆ తర్వాతి దశాబ్దాల్లో దూడల్ని వయసు వారీగా తూచి ఏ తండ్రి సంతానం ఎలా ఎదిగిందో రాసుకున్నారు. 2023లో వియాతినా-19 అనే ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. వాళ్లవి వేల ఎకరాలు, మనవి రెండు మూడు పశువుల కొట్టాలు, పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. మాంసం కోసం ఎంచిన జాతి మనకు ఆదర్శం కాదన్నదీ నిజమే. అయితే 1895లో డెన్మార్క్‌లోని వేయెన్ రైతులు ప్రపంచంలో మొదటి పాల నమోదు సంఘం పెట్టింది ఇరుగుపొరుగు కలిసే. ఒక మనిషిని కుదుర్చుకుంటే అతడు వంతులవారీగా ఒక్కో ఇంటికీ వచ్చి పాలు తూచి, వెన్న శాతం చూసి రాసేవాడు. కమతం చిన్నదన్న అడ్డంకిని ఆ సంఘం దాటింది.

పైగా కొల్లూరు వైపు ఆ పనిలో సగం రోజూ జరుగుతూనే ఉంది. ట్రాక్టరు వచ్చాక ఎద్దు తగ్గింది, వెన్నను బట్టి ధర కట్టడంతో గేదె పెరిగింది. ముర్రా విత్తనంతో తరతరాలుగా మార్చుకున్న గ్రేడెడ్ ముర్రాలే ఇప్పుడు ఇంటింటా ఉన్నవి. వడ్లమూడిలో సంగం డెయిరీ వచ్చినప్పటి నుంచీ పూటపూటకూ లీటర్లూ వెన్న శాతమూ కాగితానికెక్కుతున్నాయి. కానీ ఆ లెక్క సభ్యుడి పేరున పడుతుంది. మూడు గేదెల పాలు ఒకే క్యానులో కలిశాక ఏది ఎంతిచ్చిందో ఎవరికీ తెలియదు. గేదెకు సూది వేసినప్పుడు వాడిన వీర్యం ఏ దున్నదో మరో రిజిస్టరులో ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే సంతాన పరీక్ష సాధ్యం. దున్న ఒంటి మీద పాలు కనపడవు. ఎన్నో ఇళ్లలో పుట్టిన దాని కూతుళ్లు ఈని, తోటి గేదెలకంటే ఎక్కువిచ్చాయో తక్కువిచ్చాయో లెక్క తేలాలి. మేత తేడా వల్ల లెక్క తప్పుతుందన్న అనుమానానికీ జవాబు ఇందులోనే ఉంది: ఒక దున్న కూతుళ్లు బీద ఇంటా కలిగిన ఇంటా చెదిరి ఉంటే, మేత వల్ల వచ్చే హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుపోతాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి: పాలొక్కటే కొలిస్తే ఎండకు తట్టుకునే ఒళ్లు, ఏటా చూలు నిలిపే గుణం జారిపోవా? జారిపోతాయి. ఎద్దు బలాన్నే చూస్తూ వచ్చిన చోట ఒంగోలు ఆవు పాలు సగటున ఈతకు 800 కిలోల దగ్గరే ఆగిపోయాయి. అందుకే ఈతకూ ఈతకూ మధ్య ఎడం, పొదుగు వాపు వచ్చిన తేదీ కూడా పాల పక్కనే రాయాలి. రాయకపోతే ఏం పోతుందో ఒకసారి చూశాం: 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరాల్లో మందల్ని తుడిచిపెట్టినప్పుడు పశువులతోపాటు వాటి వంశాల సమాచారమూ పోయింది, ఎక్కడా రాసి లేదు కనుక. ఇప్పుడు 12 అంకెల పశు ఆధార్ నెంబరున్న పోగు పశువు చెవికి ఉంది. 2024 అక్టోబరులో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ విడుదలయ్యాయి. చిప్ దూడ జన్యువుల్ని చదువుతుంది కానీ, ఆ జన్యువులకు పాలెన్నో చెప్పాలంటే ముందుగా వేల తల్లుల పాలు ఎవరో తూచి రాసి ఉండాలి. ఆ తల్లుల్లో కొల్లూరు పక్క పెసర్లంక, పోతార్లంక ఊళ్ల గేదెలు లేకపోతే చిప్ చెప్పే జోస్యం వేరే సీమ మేతకూ వేరే సీమ ఎండకూ సరిపోయేదే అవుతుంది. పాల కేంద్రం చీటీలో సభ్యుడి నెంబరు పక్కన చెవి పోగు నెంబరుకు ఒక గడి, నెలకొకసారైనా గేదె గేదెకూ విడిగా పాలు తూచే ఏర్పాటు: కొల్లూరు కావాలనుకుంటే ఈ ఏడే మొదలుపెట్టగల పనులివి.