క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ నమూనా పరికరాలు

జీవకణాల్లోని ప్రోటీన్లను, వైరస్‌లను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసేందుకు వాడే సామగ్రి ఇది. ముంచే యంత్రం, గ్రిడ్ పెట్టె, దేవార్, క్రయో హోల్డర్ వీటిలో ముఖ్యమైనవి. అన్నిటి పనీ ఒక్కటే: నమూనా మైనస్ 140 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కకూడదు, గాలిలో తేమ దానికి తగలకూడదు.

వీటిలో ఒకటి తెలంగాణలోని కోరుట్ల పాడిరైతుకు ముందే తెలుసు. ఎదకొచ్చిన బర్రెకు సూది వేయడానికి, అంటే కృత్రిమ గర్భధారణకు, ఆ పని చేసే గ్రామ కార్యకర్త గోపాలమిత్ర వెంట తెచ్చే క్యాన్, ప్రయోగశాలలోని దేవార్ ఒకే జాతివి. రెండు గోడల మధ్య గాలి తీసేసిన పాత్ర, లోపల మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నత్రజని. ఈ పాత్రను 1892లో రూపొందించిన జేమ్స్ దేవార్ పేరే దానికి నిలిచింది. కరీంనగర్ ఘనీకృత వీర్య కేంద్రం నడిచేది ఈ చల్లదనం మీదే. కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థికి ఇది చదువులో భాగం. కాకపోతే వీర్యంలో గ్లిజరాల్ కలుపుతారు, వాడేముందు వీర్యం నింపిన స్ట్రాను (సన్న గొట్టాన్ని) గోరువెచ్చని నీటిలో కరిగిస్తారు. సూక్ష్మదర్శిని నమూనాను మాత్రం చివరిదాకా కరగనివ్వరు. ఒక్కసారి వేడెక్కితే దాని పని అయిపోయినట్టే.

నీరు మెల్లగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పుట్టి ప్రోటీన్లను చెడగొడతాయి, ఎలక్ట్రాన్లనూ చెదరగొడతాయి. సెకనుకు లక్ష డిగ్రీలకు పైబడిన వేగంతో చల్లారిస్తే స్ఫటికం కట్టే వ్యవధి లేక నీరు గాజులా బిగుసుకుంటుంది. జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో జాక్ దుబోషే బృందం 1980ల మొదట్లో దీన్ని సాధించి, 1984లో వైరస్‌ల చిత్రాలు ప్రకటించింది. 2017 రసాయనశాస్త్ర నోబెల్‌ను ఆయన రిచర్డ్ హెండర్సన్, జోఆకిమ్ ఫ్రాంక్‌లతో పంచుకున్నారు.

నమూనాను నేరుగా నత్రజనిలో ముంచితే ఈ వేగం రాదు. కాలిన పెనం మీద నీటిచుక్క ఆవిరి పొర మీద గెంతినట్టే, గ్రిడ్ చుట్టూ నత్రజని ఆవిరి పొర కట్టి చలిని అడ్డుకుంటుంది. అందుకే నత్రజనితో చల్లార్చిన ద్రవ ఈథేన్‌లో ముంచుతారు. ఈథేన్ మైనస్ 183 దగ్గర తానే గడ్డకడుతుంది కాబట్టి గిన్నె మీద కన్నేసి ఉంచాలి.

గ్రిడ్ అంటే 3 మిల్లీమీటర్ల రాగి లేదా బంగారు జల్లెడ, పైన రంధ్రాల కార్బన్ పొర. దాని మీద 3 మైక్రోలీటర్ల నమూనా వేసి, వడపోత కాగితంతో అద్ది, వెంటనే ఈథేన్‌లోకి వదులుతారు. విట్రోబోట్ వంటి యంత్రాలు దీన్ని తేమ, ఉష్ణోగ్రత అదుపులో ఉంచి చేస్తాయి. ఎక్కువ గ్రిడ్లు పాడయ్యేది ఈ అద్దడంలోనే: కాస్త తక్కువైతే మంచు మందమవుతుంది, ఎక్కువైతే రంధ్రాలు ఎండిపోతాయి.

తరువాత నాలుగు అరల పెట్టెలోకి, అక్కడినుంచి సూక్ష్మదర్శినికి. పాత పద్ధతి హోల్డర్‌కు ఒక్క గ్రిడ్డే పడుతుంది. దాని చివర చిన్న నత్రజని పాత్ర ఉంటుంది, లోపలికి దూర్చేటప్పుడు గ్రిడ్‌ను ఒక మూత కప్పుతుంది. టైటాన్ క్రియోస్ అనే సూక్ష్మదర్శినిలో రింగు బిగించిన 12 గ్రిడ్లను క్యాసెట్‌లో పెడితే యంత్రమే ఎక్కించుకుంటుంది. పట్టకార్లను ముందే నత్రజనిలో ముంచాలి, ముఖానికి మాస్కు ఉండాలి. ఊపిరి తేమ చాలు, గ్రిడ్ మీద మంచు పేరుకోవడానికి. వానాకాలంలో తేమ తీసే యంత్రం లేని గదిలో ఈ పని పెట్టుకోకపోవడమే నయం.

లీటరు ద్రవ నత్రజని ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. వాసన లేకుండానే గదిలోని ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది కాబట్టి ఆక్సిజన్ అలారం తప్పనిసరి. దేవార్ మూతను బిగించకూడదు. ఈథేన్‌కు నిప్పు అంటుకుంటుంది.

భారతదేశపు జాతీయ క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కేంద్రం 2017లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో మొదలైంది. కోరుట్ల వాళ్లకు దగ్గర్లో ఉన్నది హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ). గ్రిడ్లు అంతదూరం వెళ్లాలంటే డ్రై షిప్పర్‌లో పంపుతారు. నత్రజనిని పీల్చుకున్న దాని లోపలి పొర చలిని పట్టి ఉంచుతుంది, ఒలకడానికి ద్రవం ఉండదు.