ఆసుపత్రిలోని ఈగలు, బొద్దింకలు: మందులకు లొంగని సూక్ష్మజీవుల వాహకాలు

ఈగ వాలిన అన్నాన్ని పారవేయడం మన పల్లెల్లో పాత అలవాటే. అదే ఈగ ఆసుపత్రి వార్డులో రోగి కట్టుమీద వాలితే మాత్రం చేతితో తోలి ఊరుకుంటాం. నిజానికి ఈ రెండవదే ఎక్కువ ప్రమాదకరం.

బాక్టీరియాను చంపే మందులను యాంటీబయాటిక్‌లు అంటారు. ఆ మందు తగిలినా చావక మిగిలిన బాక్టీరియా తన నిరోధకశక్తిని సంతతికి అందిస్తుంది. అంతటితో ఆగదు. ప్లాస్మిడ్‌లనే చిన్న జన్యువలయాల ద్వారా అదే శక్తిని పొరుగు జాతి బాక్టీరియాకు కూడా ఇవ్వగలదు. యాంటీబయాటిక్‌ల వాడకం మెండుగా ఉండే చోటు ఆసుపత్రి. కనుక మొండి సూక్ష్మజీవులూ అక్కడ మెండు.

ఈగకు పళ్ళు లేవు. గట్టి పదార్థం తినవలసివస్తే ముందుగా దానిపై తన నోటి ద్రవాన్ని కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. కాళ్ళనిండా నూగు, పాదాల కొసన జిగురు మెత్తలు. చీముమీద, మలంమీద, తరువాత పండుమీద వాలే ఈ జీవి వెంట ఏమేమి వస్తాయో ఊహించవచ్చు. కాళ్ళకు అంటినవాటి కంటె కడుపులో చేరినవి ఎక్కువకాలం బ్రతుకుతాయి. ఒక బాక్టీరియా నుండి మరొక దానికి నిరోధక జన్యువులు మారడం ఈగ ప్రేగులలోనే జరుగగలదని ప్రయోగశాలలో రుజువైంది. అనగా ఈగ వట్టి మోతగత్తె కాదు.

బొద్దింక సంగతి వేరు. పగలు మురుగుతూములో, రాత్రి వంటగదిలో దాని సంచారం. 1991లో వెలువడిన దిల్లీ పరిశోధనలో ఆసుపత్రిలో పట్టిన 159 బొద్దింకలను పరీక్షించగా 158 వ్యాధికారక సూక్ష్మజీవులను మోస్తున్నట్లు తేలింది. పలు మందులకు లొంగనివీ వాటిలో ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ఒక నవజాత శిశువుల వార్డులో క్లెబ్సియెల్లా సోకినప్పుడు, శిశువులలోనూ బొద్దింకలలోనూ తేడా కనబడని ఒకే రకం దొరికిందని 2000లో వైద్యులు ప్రకటించారు. బ్రిటన్‌లో ఆస్టన్ విశ్వవిద్యాలయం వారు ఏడు ఆసుపత్రుల నుండి సుమారు 20,000 కీటకాలను సేకరించారు. వాటిలోని బాక్టీరియా రకాలలో సగానికి పైగా కనీసం ఒక తరగతి యాంటీబయాటిక్‌లకు లొంగలేదని 2019లో తెలిపారు. పెషావర్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స గాయాలలోని బాక్టీరియా, అక్కడి కీటకాలలోని బాక్టీరియా ఒకే సంతతివని 2021లో తేలింది. చీమలనూ తక్కువగా చూడరాదు: ఫారో చీమలనే చిన్న పసుపు చీమలు ఆసుపత్రులలో రోగక్రిములను మోస్తున్నట్లు 1972లోనే లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండుచోట్ల ఒకే బాక్టీరియా ఉన్నంత మాత్రాన కీటకమే రోగికి అంటించిందని చెప్పలేము. రోగి నుండే కీటకానికి చేరి ఉండవచ్చు. ఆసుపత్రి అంటురోగాలకు ముఖ్యమైన దారి నేటికీ కడుగని చేతులే. ఈగపై నేరం మోపి చేతులు కడుగడం మానరాదు.

రోగికి తోడుగా ఉండేవారి పాత్ర ఇందులో చిన్నది కాదు. ఇంటినుండి తెచ్చిన క్యారియరు, ఒలిచిన పండ్లు, బిడ్డకు కలిపిన పాలు మూతలేకుండా మంచం ప్రక్కన ఉంటాయి. ఎంగిలి మంచం క్రిందికి పోతుంది. బొద్దింకకు అంతకన్న విందు లేదు. మిగిలినది ఏ పూటకా పూట వార్డు బయటి మూతతొట్టిలో వేయాలి. సరిహద్దు దాటి వెళ్ళినప్పుడు గోడమీది నోటీసు మనకు రాని లిపిలో ఉండవచ్చు. అయితే 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం నెత్తురు, చీము అంటిన దూది, కట్టుగుడ్డలు వేసే సంచి దేశమంతటా పసుపురంగే. అన్నం మెతుకులు అందులో వేయరాదు, కట్టుగుడ్డ మామూలు చెత్తలో వేయరాదు.

కట్టు తడిసినా, ఊడినా, దానిపై ఈగలు ముసిరినా వెంటనే సిస్టరుకు చెప్పాలి. ఈగను కన్నడంలో నొణ అని, తమిళంలో ఈ అని, మరాఠీలో మాశీ అని, ఒడియాలో మాఛి అని అంటారు; ఆ ఒక్క మాట, వేలితో కట్టును చూపడం చాలు. పసిబిడ్డలున్న గదిలో మనంతట మనమే పురుగుమందు చల్లడం మాత్రం కూడదు. ఆ పని ఆసుపత్రివారిది.

ఇంటికి వచ్చిన తరువాత పుండు మానేవరకు ఇవే జాగ్రత్తలు. పెంటకుప్పలో ఈగ గుడ్డు రెక్కల పురుగు కావడానికి వేసవిలో పది రోజులకు మించి పట్టదు. అందుకే ఇంటిదగ్గరి పేడను, కోళ్ళగూటి చెత్తను వారానికొకసారి దూరంగా ఎత్తి మట్టి కప్పాలి.